ఇద్దరు బావలు, ఒక రొయ్య

2025 దసరా మర్నాడు మా ఇంట్లో జరిగిన వాదన ఇది. వాదించుకున్నవాళ్లలో ఒకాయన మా మేనమామ, ఇంకొకాయన మా చిన్నాన్న. వరసకి ఒకరికొకరు బావలు. మధ్యలో పదకొండేళ్లు మాత్రం ఆ పిలుపు లేదు. ఎదురుపడితే ఒకరు గొడుగు అడ్డం పెట్టుకునేవారు, ఇంకొకరు కాల్లో ముల్లు దిగినట్టు వంగి చూసుకునేవారు. దానికి కారణం ఆస్తి తగాదా కాదు, చెడిన పెళ్లి సంబంధం కాదు. టైగర్ రొయ్య.

ఇద్దరిదీ నెల్లూరు జిల్లాలో ఉప్పుటేటి పక్క ఊరు. మా వైపు టైగర్ వేసిన తొలి నలుగురైదుగురిలో మామ ఒకడు. చిన్నాన్న హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. మామ చెరువుల గట్టు దాటగానే చిన్నాన్నది మూడెకరాల మాగాణి. మా అమ్మ పోయిన రోజు ఇద్దరూ పాడె చెరో పక్క పట్టారు. అప్పుడు కలిశాయి మాటలు. కలిసినా రొయ్య ఊసు మాత్రం ఎత్తేవారు కాదు.

ఆ రోజు విస్తట్లో రొయ్యల వేపుడు పడగానే ఎత్తారు. నేను ఇద్దరి మధ్యా కూర్చున్నాను కాబట్టి రెండు చెవులా విన్నాను. విన్నది విన్నట్టే రాస్తున్నాను. తిట్లు తీసేశాను.

చిన్నాన్న: ఇది టైగరా, వనామీనా?

మామ: వనామీ. టైగర్ ఇప్పుడు మన వైపు యాడుంది బావా? వేగినాక రెండూ ఎర్రబడతాయి గానీ, నమిలితే తెలియట్లా? టైగర్ కండ గట్టి. పచ్చిది వలలోంచి ఎత్తి ఎండకి పట్టుకుంటే ఒంటి నిండా నల్లచారలు. పులిపిల్లని పట్టుకున్నట్టే ఉండేది. ఈ తెల్ల రొయ్యకి ఆ దర్జా లేదులే.

చిన్నాన్న: ఆ దర్జా చూసే గదా ఊరు ఊరంతా ఒళ్లు మరిచింది. ఎన్నాళ్లు బావా? 1991లో ఊపందుకుంది, 94 ఆఖరుకి పడిపోయింది. నాలుగేళ్లు. మన సినిమాల్లో కమెడియన్ కూడా అంతకంటే ఎక్కువ కాలం నిలబడతాడు. డాలర్ పంట అన్నారు, నీలి విప్లవం అన్నారు, నెల్లూరుని రొయ్యల రాజధాని చేశారు. క్లాసులో ఒకణ్ని లేపి, పెద్దయ్యాక ఏమవుతావురా అంటే రొయ్యపిల్లల హేచరీ పెడతానన్నాడు. ఏడో తరగతి వాడు!

మామ: వాడు తప్పేం చెప్పాడు? అప్పుడు నా బతుకేందో నీకు తెలియదా? ఏటి పక్క ఏడెకరాలు, అంతా చౌడు. పోటు మీదున్నప్పుడు ఉప్పునీళ్లు ఎగదన్నేవి. ఏడాదికి ఒక్క పంట, అదీ వానలు కనికరిస్తే. మీ మాగాణిలో మొలగొలుకులు పండుతుంటే నేను గట్టు మీద నిలబడి వాసన చూసేవాణ్ని. అట్టాంటి నేలకి విలువ తెచ్చింది రొయ్య. ఏ ఉప్పునీళ్లు నన్ను ముంచినాయో ఆ ఉప్పునీళ్లే కావాలంది. నాలుగు నెలలు తిరిగేసరికి విసురువల వేసి చూస్తే 30 కౌంటు. కిలోకి ముప్పై రొయ్యలంతే. షావుకారు బాకీ, సొసైటీ బాకీ ఒక్క పట్టుబడితో తీర్చా. మా నాయన బతికుండగా తీరని బాకీలవి. దీన్ని నువ్వు ఒళ్లు మరవడం అంటావా?

చిన్నాన్న: మొదటి పంట సంగతి నేనేం అనను. కానీ ఆ డబ్బు నీ గొప్పా కాదు, రొయ్య గొప్పా కాదు. 1991 జులైలో రెండు రోజుల తేడాలో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు. జపాన్ వాడు ఇచ్చే డాలరు అదే డాలరు, ఇక్కడికొచ్చేసరికి మనకి రూపాయలు ఎక్కువ పడ్డాయి. ఢిల్లీలో పెట్టిన సంతకం మీ చెరువులో రొయ్యై కూర్చుంది.

మామ: సరే, సంతకం ఢిల్లీదే. చెరువు తవ్విందెవరు? ట్రేలో మేత మిగిలిందా లేదా అని రాత్రి రెండింటికి లేచి టార్చిలైటు వేసి చూసిందెవరు?

ఇక్కడ చిన్నాన్న ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టే లెక్క. ఆ రోజుల్లో మామ చెరువు గట్టు మీద పాకలోనే పడుకునేవాడు. పండక్కి కూడా ఇంటికి రాకపోతే అత్త క్యారేజీ పంపేది. సెలవుల్లో ఆ క్యారేజీ మోసినవాణ్ని నేనే. పాకలో నులక మంచం పక్కన బ్లీచింగ్ పౌడరు, సున్నం బస్తాలు, మేత సంచులు ఉండేవి. మామ ఒంటి నుంచి ఆ మూడు వాసనలూ కలిసి వచ్చేవి.

చిన్నాన్న: నువ్వు కష్టపడలేదని కాదు. ఆ కష్టం ఇసుకలో కట్టిన గోడ అంటున్నా. అసలు టైగర్ పిల్ల ఎక్కడినుంచి వచ్చేది?

మామ: మొదట్లో ఏట్లోనే. ఆడవాళ్లు, పిల్లకాయలు పాత చీరలు పట్టుకుని నడుం లోతు నీళ్లలో దేవేవాళ్లు. గుండుసూది మాదిరి పిల్ల. తర్వాత ఎంపెడా అనే ఎగుమతుల సంస్థ వాళ్లు విశాఖపట్నం దగ్గర హేచరీ పెట్టారు, దాన్ని చూసి ప్రైవేటువి పుట్టుకొచ్చినాయి. తల్లి రొయ్యకి విశాఖ, కాకినాడ రేవుల్లో వేలం పాటే. ట్రాలరు వచ్చిందంటే బంగారం బేరం అక్కడ. ఒకసారి హేచరీలో చూశా బావా. తల్లిని పట్టుకుని ఒక కన్ను తీసేస్తారు. తీసేస్తేనే గుడ్లు పెడుతుందంట.

చిన్నాన్న: కంటి కాడలో ఒక గ్రంథి ఉంటుంది. గుడ్లు త్వరగా తయారుకాకుండా ఆపేది అదే. కన్ను పోతే ఆ అదుపు పోతుంది. లక్షల గుడ్లు పెడుతుంది. తైవాన్లో లియావ్ ఐ చియు అనే శాస్త్రవేత్త 1968లో టైగర్‌ని తొట్టిలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి చూపించాడు. అక్కడినుంచే ఈ కథంతా. కానీ ఒకటి చూడు. కోడికి జాతి కట్టాం, గేదెకి కట్టాం, వరికి విత్తనం కట్టాం. టైగర్‌కి అప్పటికి అది జరగలేదు. ప్రతిసారీ సముద్రంలోకి పోయి అడవి తల్లిని పట్టుకురావాల్సిందే. ఆమె ఒంట్లో ఏముందో ఎవరికి తెలుసు? మన ఊళ్లో సంబంధం కలుపుకోవాలంటే ఏడు తరాలు అడుగుతారు. నువ్వు లక్షల పిల్లల్ని చెరువులోకి దింపుతూ తల్లి ఊరేదో కూడా అడగలేదు.

మామ: అడిగితే చెప్పేవాడెవడు? చూసే యంత్రం ఉందా అప్పుడు? పీసీఆర్ పరీక్ష అనే మాట మేం విన్నది వైట్ స్పాట్ వైరస్ వచ్చి అందరూ మునిగినాక.

చిన్నాన్న: యంత్రం లేకపోయినా కళ్లున్నాయి గదా. తైవాన్ 1987లో ప్రపంచం మొత్తానికి ముందుండేది టైగర్‌లో. 88లో ఒక్క ఏడాదిలో సగానికి పైగా కూలిపోయింది. పోనీ అది దూరం అనుకో. ఏడాదికి రెండు లక్షల టన్నులు తీసే చైనా 1993లో సగానికంటే దిగువకి పడింది, వైరస్ దెబ్బకి. అదే 93లో మన ఊళ్లో కొత్తగా ఎన్ని చెరువులు తవ్వారో గుర్తుందా? పొక్లెయిను పగలూ రాత్రీ మోగింది. పిల్లలకి పరీక్షలని నేను పోయి బతిమాలితే పది రోజులు ఆపారు.

మామ: ఇవన్నీ తెలిసిన పెద్దమనిషివి, నాకొక్క మాట చెప్పావా?

చిన్నాన్న: చెబితే వినే స్థితిలో ఉన్నావా?

మామ: అది కాదు నేనడిగేది. చెప్పావా, లేదా?

చిన్నాన్న: …లేదు.

మామ: ఎందుకు చెప్పలేదో నేను చెప్పనా? చెప్పమ్మా చెల్లెమ్మా, నువ్వే చెప్పు.

వంటింట్లోంచి పిన్ని నవ్వు వినపడింది. నాకు అప్పటిదాకా తెలియని సంగతి అది. 1993లో ఇదే చిన్నాన్న జీపీఎఫ్ లోను తీసి ఒక రొయ్యల కంపెనీ పబ్లిక్ ఇష్యూలో షేర్లు కొన్నాడు. ఆ రోజుల్లో అట్లాంటి కంపెనీలు వరసగా మార్కెట్లోకి వచ్చాయి. సముద్రం ఎప్పుడూ చూడనివాళ్లు, రొయ్య వాసన ఇంట్లోకి రానివ్వనివాళ్లు కూడా అప్లికేషన్లు నింపారు. ఆ కంపెనీ తర్వాత ఎటుపోయిందో తెలియదు. సర్టిఫికెట్లు మాత్రం పిన్ని బీరువాలో పట్టుచీరల కింద పరుచుకుంది. మందంగా, నున్నగా ఉంటాయట, చీరకి తుప్పు అంటదట.

చిన్నాన్న: అది వేరే సంగతి.

మామ: వేరే సంగతి కాదు బావా. నేను మట్టిలో పెట్టా, నువ్వు కాగితంలో పెట్టావు. నాది ఆశ, నీది పొదుపు, అంతేనా? నీ పేరు దురాశ లిస్టులో ఎవడూ రాయలేదు, ఎందుకంటే నీ కాళ్లకి బురద లేదు.

చిన్నాన్న: సరే, ఒప్పుకున్నా. నేను కూడా ఆ గుంపులో మనిషినే. అయితే గుంపులో ఉన్నవాడికి గుంపు తప్పు చెప్పే హక్కు పోతుందా?

మామ: పోదు. చెప్పు. కాకపోతే మేష్టారు లాగా చెప్పబాక.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చారు వడ్డించారు. మామ చారన్నంలో ఒక ముద్ద కలిపి అట్టాగే పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ ముద్ద చివరిదాకా నోట్లోకి పోలేదు.

మామ: ఆ పొద్దు నాకింకా కళ్ల ముందే ఉంది. ట్రే ఎత్తితే మేత వేసింది వేసినట్టే ఉంది. సరే, మబ్బుగా ఉంది గదా, తినలేదేమో అనుకున్నా. మధ్యాహ్నానికి రొయ్యలు గట్టు అంచుకి వచ్చినాయి. టైగర్ అడుగున తిరిగే జాతి, పగలు పైకి రాదు. వచ్చిందంటే ఏదో అయింది. ఒకదాన్ని పట్టి తలకాయ మీద పొట్టు ఒలిచి వెలుగుకి పెట్టి చూశా. తెల్ల చుక్కలు. సున్నపు నీళ్లు చిలకరించినట్టు. ఆ పూటకే కొంగలు దిగినాయి. తర్వాత కాకులు. ఆ కాకుల్ని చూసి పక్క చెరువాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లు నన్ను పలకరించడానికి రాలేదు. వాళ్ల చెరువుల్ని తల్చుకుని వచ్చారు. పట్టేద్దామంటే ఐసు లేదు, లారీ లేదు, ఏజెంటు దొరకడు. ఒకేసారి అందరి చెరువులూ పోతుంటే ఎవడికని వస్తాడు? వచ్చినవాడు అడిగిన ధర వింటే చంపుదామనిపించింది. నాలుగో రోజుకి ఊరంతా ఒకటే కంపు. ఆ కంపు నెల రోజులు పోలేదు.

చిన్నాన్న: వైట్ స్పాట్‌కి అప్పుడూ మందు లేదు, ఇప్పుడూ లేదు. మూడు రోజుల నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం ఊడ్చుకుపోతుంది. మరి ఆ మందూ ఈ మందూ అని అమ్మినవాళ్లున్నారే…

మామ: అమ్మకేం చేస్తారు? మునిగేవాడికి గడ్డిపరక అమ్మితే కొనడా? నేనూ కొన్నా. ఏవో యాంటీబయాటిక్స్, ఏవో టానిక్కులు. వాటి బిల్లులు రొయ్య చచ్చినాక కూడా వచ్చినాయి. ఒక లెక్క చెబుతా విను. పిల్ల అమ్మినవాడికి ముందే డబ్బు. మేత కంపెనీ డీలరుకి పట్టుబడిలో తొలి కోత. ఐసు వాడికి రొక్కం. అందరికీ పోయినాక మిగిలింది రైతుకి. మిగిలినప్పుడు ఊరంతా రైతుని చూసింది, ఏమీ మిగలనప్పుడూ రైతునే చూసింది. అదీ దెబ్బ. ఆ దెబ్బకి మళ్లీ లేచేవాళ్లమే, కోర్టు లేవనీలేదు.

చిన్నాన్న: ఇదిగో, ఈ మాట మాత్రం నేను ఒప్పుకోను. రొయ్య చచ్చింది 94లో. సుప్రీంకోర్టు తీర్పు 1996 డిసెంబరు 11న. చచ్చిన రెండేళ్లకి వచ్చినవాణ్ని హంతకుడంటావేంటి?

మామ: తీరానికి 500 మీటర్ల లోపల ఉన్న చెరువులన్నీ పూడ్చేయాలన్నారు బావా. 97 మార్చి 31 గడువు. సంప్రదాయంగా సాగు చేసేవాళ్లు తప్ప మిగతా అందరూ పోవాలన్నారు. మాకు నిద్రలేదు ఆ మూడు నెలలు.

చిన్నాన్న: ఎందుకన్నారో అది కూడా చెప్పు. కేసు వేసినాయన జగన్నాథన్, తమిళనాడు సర్వోదయం మనిషి, భూదానంలో తిరిగిన గాంధేయవాది. తీర గ్రామాల్లో బావులు ఉప్పెక్కుతున్నాయి, పంటభూములు పాడవుతున్నాయి, జాలరి సముద్రానికి పోయే దారికి కంచె పడుతోంది అన్నాడు. జస్టిస్ కుల్దీప్ సింగ్ బెంచి నాగపూరు నుంచి నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల్ని పంపించి చూపించింది. అబద్ధమా అదంతా? మన హరిజనవాడ బావి ఏమైంది? ఆ ఆడవాళ్లు బిందె పట్టుకుని ఎంత దూరం నడిచారో నీ పాక ముందు నుంచే గదా నడిచింది?

మామ: …నడిచారు.

చిన్నాన్న: ఇంకో మాట. పూడ్చమన్నారు గానీ పూడ్చిందెవరు? రివ్యూకి పోయారు, ఆగింది. 97లో ఆక్వాకల్చర్ అథారిటీ వచ్చింది, 2005లో పార్లమెంటు చట్టమే చేసింది. నీ చెరువు ఒక్క తట్ట మట్టి కూడా పడకుండా ఉంది. నిన్ను కోర్టు ఆపలేదు బావా. వేసిన ప్రతి పంటకీ మళ్లీ వైట్ స్పాట్ వచ్చింది, అది ఆపింది.

మామ: వచ్చింది. 98 దాకా వేశా. ఒకటి నిలిస్తే రెండు పోయేవి. పేకాట మాదిరి అయిపోయింది. కొంతమంది నీలకంఠం రొయ్యకి మారారు, మంచినీళ్లలో. అదీ కొన్నాళ్లే.

చిన్నాన్న: నేనెప్పుడూ అడగనిది ఇవాళ అడుగుతా. వైరస్ సముద్రం నుంచి తల్లితో వచ్చింది, సరే. ఒక హేచరీ పిల్ల పది ఊళ్లకి పోయింది, సరే. కానీ మన కాలవ వెంబడి ఉన్న చెరువులన్నీ, వేరు వేరు హేచరీల పిల్ల వేసినవి, వారం తిరక్కుండా ఎట్లా పోయాయి?

మామ ముద్ద విస్తట్లో పెట్టేశాడు. నేను తలెత్తి చూశాను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు.

మామ: మా చెరువులన్నిటికీ ఒకటే కాలవ. ఏటినుంచి నీళ్లు తోడుకునేదీ దాన్నుంచే, చెరువు ఎండగట్టినప్పుడు వదిలేదీ దాన్లోకే. తవ్వించేటప్పుడు రెండు కాలవలు పెడదామని అన్నాం. ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి. రెండో దానికి తలా పది సెంట్లు పోతుంది. పది సెంట్లంటే అప్పట్లో… ఎవరమూ ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోలేదు.

చిన్నాన్న: ఊఁ.

మామ: 95 జనవరి. నా పెద్ద చెరువుకి వచ్చింది. చచ్చిన చెరువుకి బ్లీచింగ్ కొట్టి, నీళ్లు కదలకుండా రోజుల తరబడి నిలవబెట్టి, అప్పుడు వదలాలి. తెలుసు నాకు. అప్పటికి ముత్తుకూరులో ఫిషరీ కాలేజీ కూడా వచ్చింది, అక్కడి పిల్లలు గట్ల మీద తిరిగి చెప్పిపోయారు. కానీ బ్లీచింగ్‌కి డబ్బుల్లేవు. కొత్త పిల్లకి అడ్వాన్సు ఇచ్చున్నా, అది దిగే రోజు దగ్గరపడింది. రాత్రి రెండు గంటలప్పుడు పోయి తూము పలక ఎత్తా. తెల్లారేసరికి చెరువు ఖాళీ. తెల్లారినాక కింద చెరువాయన మోటారు వేశాడు. ఆయన చెరువు అప్పటిదాకా బాగానే ఉంది. వారానికి పోయింది. ఆయన ఎవరికీ చెప్పకుండా ఊరు ఖాళీ చేసి పోయాడు. ముప్పై ఏళ్లయింది బావా, ఈ మాట నా నోటినుంచి బయటకి రావడం ఇదే మొదలు.

చిన్నాన్న: నాకు తెలుసు.

మామ: ఏం తెలుసు?

చిన్నాన్న: ఆ రాత్రి మా పొలానికి నీళ్ల వంతు నాది. గట్టు మీదే ఉన్నా. నీ తూము పలక ఎత్తిన చప్పుడు విన్నా, కాలవలో నీళ్లు పారిన చప్పుడూ విన్నా.

మామ: మరి పొద్దున్నే ఊళ్లో చెప్పలేదే? అప్పటికే మనకి మాటల్లేవు. నా చెరువు ఊట దిగి నీ వరి ఎర్రబడి మాడిందని నా మీద మండిపడుతున్నావు. చెబితే నా పని అయిపోయేది.

చిన్నాన్న: చెబుదామనే లేచా. ఇంటికి పోయే దారిలో కాలవ వెంబడి నడిచాను. నీది ఒక్కటే కాదు. ఆ రాత్రి అయిదు తూములు లేచి ఉన్నాయి. నీ ఒక్కడి పేరు ఎట్లా చెప్పను?

పిన్ని మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. ఇద్దరూ తాగారు. ఇక్కడితో వాదన అయిపోయిందనుకున్నాను. మజ్జిగ ఉప్పగా ఉందో ఏమో, మామ మళ్లీ అందుకున్నాడు.

మామ: ఏదేమైనా ఒకటి. టైగర్ పోయినా రొయ్య పోలేదు. వనామీ వచ్చింది.

చిన్నాన్న: 2009లో అనుమతిచ్చారు. దాని పుట్టిల్లు అమెరికా ఖండంలో పసిఫిక్ తీరం. దానికి మాత్రం జాతి కట్టారు. తరాల తరబడి తొట్లలోనే పెంచి, జబ్బు లేని తల్లుల్ని తయారుచేశారు. ఆ తల్లులు విమానంలో వచ్చి చెన్నైలో క్వారంటైన్‌లో ఉండి గానీ హేచరీకి పోవు. టైగర్‌కి చేయనిదేదో దానికి చేశారు, అది బతికింది.

మామ: టైగర్‌కి కూడా ఇప్పుడు చేస్తున్నారంట. జబ్బు లేని తల్లి పిల్ల దొరుకుతోందంట. గోదావరి వైపు వేశారంట కూడా. ఒక చెరువు వేసి చూద్దామా అని…

చిన్నాన్న: డెబ్భై నాలుగేళ్లొచ్చాయి నీకు!

మామ: ఊరికే అన్నాలే. ఆ చారలు మళ్లీ చూడాలని.

చిన్నాన్న: చూడాలంటే విశాఖ రేవుకి పో, వేలంలో చూద్దువు. తల్లికి జబ్బు లేకపోతే చాలా? వనామీకి వైట్ స్పాట్ రావట్లేదా? ఈహెచ్‌పీ అని కొత్తది రాలేదా, ఎదగనివ్వకుండా తినేది? ఈ 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా వాడు 50 శాతం సుంకం వేశాడు. అప్పుడు జపాన్, ఇప్పుడు అమెరికా. మనం పెద్దగా తినని పంట మనం పండిస్తున్నాం, ఎవడో దూరాన కూర్చుని ధర చెబుతున్నాడు. నువ్వు 91లో ఎక్కిన బండే ఇది. రంగు మార్చారంతే.

మామ: బండి చెడ్డదని ఇంత చెబుతున్నావు గదా బావా. నీ మూడెకరాలు ఇప్పుడేం పండుతున్నాయి?

చిన్నాన్న జవాబు చెప్పలేదు. నాకు తెలుసు కాబట్టి నేను చెబుతాను. 2013 నుంచి ఆ మూడెకరాలు వనామీ చెరువు. మామ ఏడెకరాలతో కలిపి భీమవరం నుంచి వచ్చిన ఒక రైతుకి లీజుకిచ్చారు. ఉప్పు పట్టిన మడిలో వరి లేవడం లేదు, చిన్నాన్న కొడుకులిద్దరూ బెంగుళూరులో ఉన్నారు, పెన్షన్ మీద మూడెకరాలకి కూలీలని పెట్టడం అయ్యే పని కాదు. లీజు డబ్బు మాత్రం ఏటా సంక్రాంతికి ముందే వస్తుంది. మామ వాటా, చిన్నాన్న వాటా ఒకే కవరులో వస్తాయి. ఇద్దరూ మా ఇంట్లోనే కూర్చుని లెక్కపెట్టుకుంటారు.

మామ: ఫోన్ చేశాడా ఆ రైతు? వచ్చే ఏడాదికి ఉంటాడా?

చిన్నాన్న: లేదు. నేను చేస్తే ఎత్తలేదు. నువ్వు చెయ్యి ఒకసారి.

మామ: నేనూ చేశా. ఎత్తలేదు.

చేతులు కడుక్కున్నాక ఇద్దరూ అరుగు మీద కూర్చుని వక్కపొడి వేసుకున్నారు. నాకు మాత్రం ఆ కాలవ చూడాలనిపించింది. ఊరొదిలి ఇరవై ఏళ్లయింది, ఎప్పుడు వచ్చినా అటు పోలేదు. మర్నాడు పొద్దున స్కూటరు వేసుకుని పోయాను. ఏరియేటర్లు తిరుగుతున్నాయి, చెరువుల మీద పిట్టలు వాలకుండా దారాలు కట్టారు, పీతలు రాకుండా గట్ల చుట్టూ పట్టా పాతారు. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. కాలవ ఒక్కటే ఉంది. నీళ్లు తోడే మోటారుకీ, పై చెరువాళ్లు నీళ్లు వదిలే తూముకీ మధ్య దూరం అడుగులతో కొలిచాను. నూట పది అడుగులు.